అజాన్ వినిపించని వీధుల్లో: మెల్‌బోర్న్ నగరం, మన కుటుంబాలు

ఒకప్పుడు మన ఊళ్ల నుండి విదేశం వెళ్లడమంటే గల్ఫ్‌కు వెళ్లడమే. దుబాయి, జిద్దా, కువైట్ పేర్లు మన ఇళ్లలో పక్క ఊరి పేర్లలా వినిపించేవి. వెళ్లినవాడు కొన్నేళ్లు కష్టపడి, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసి, ఇల్లు కట్టుకొని తిరిగి వచ్చేవాడు. వెళ్లిన చోట అజాన్ వినిపించేది. భార్యాబిడ్డలు చాలావరకు ఇక్కడే పెద్దల నీడలో ఉండేవారు. గత రెండు దశాబ్దాల్లో ఈ దారి మారింది. గుంటూరు, కర్నూలు, కడప, వరంగల్, హైదరాబాదు ముస్లిం కుటుంబాల పిల్లలు పైచదువుల కోసం ఆస్ట్రేలియాకు, ముఖ్యంగా మెల్‌బోర్న్ నగరానికి వెళుతున్నారు. చదువు ముగిశాక ఉద్యోగం, ఆపైన పెళ్లి, పిల్లలు, సొంత ఇల్లు అన్నీ అక్కడే. వారు తిరిగి రావడానికి వెళ్లినవారు కారు.

అందుచేత తల్లిదండ్రుల ప్రశ్నలు కూడా మారాయి. “అక్కడ ఖిబ్లా ఎటువైపు? మాంసం హలాలేనా? జుమాకు సెలవిస్తారా? మనవడికి కలిమా ఎవరు నేర్పుతారు?” మద్రసాలో బోధించే మా వద్దకు ఇటువంటి ప్రశ్నలు తరచుగా వస్తుంటాయి. మసలా చెప్పడం సులభమే. కాని ఆ నగరంలో రోజు ఎలా గడుస్తుందో తెలియకుండా చెప్పిన మసలా సగం జవాబు మాత్రమే అవుతుంది. అందువల్ల ఆ నగరాన్ని, అందలి నిత్యజీవితాన్ని పాఠక కుటుంబాలకు పరిచయం చేయదలచాము.

ఒంటెలతో వచ్చిన తొలి పేర్లు

మెల్‌బోర్న్ యర్రా నది ఒడ్డున, సముద్రపు అఖాతం అంచున ఉన్న నగరం. జనాభా యాభై లక్షలు దాటింది. ఆంగ్లేయులు 1835లో అక్కడ స్థిరపడ్డారు. అంతకు ముందు వేల సంవత్సరాలుగా ఆ నేల వురుంజెరి మొదలైన కులిన్ ప్రజలది. దుప్పట్లు, గొడ్డళ్లు, కత్తులు ఇచ్చి ఆ నేలను కొన్నామని బ్యాట్‌మన్ అనే వ్యక్తి ఒక ఒప్పందం రాయించుకున్నాడు. ఆనాటి గవర్నరే దాన్ని చెల్లదన్నాడు. అయినా నేల మాత్రం మూలవాసులకు తిరిగి దక్కలేదు. ఈనాడు అక్కడ పాఠశాల సభ అయినా, కార్యాలయ సమావేశమైనా, ముందుగా ఆ నేల తొలి యజమానులను గౌరవంగా స్మరించి మొదలుపెడతారు. జరిగిన అన్యాయానికి ఇది పరిహారం కాదు. కాని అన్యాయాన్ని మరచిపోకుండా ఉండడానికి ఒక అలవాటు. మన పిల్లలు ఆ మాటలను కేవలం లాంఛనంగా వినక, వాటి వెనుక ఉన్న చరిత్రను తెలుసుకోవాలి. ఒకరి నేల మీద అతిథిగా నివసించేవాడికి అది కనీస మర్యాద.

1851లో బంగారం బయటపడడంతో మెల్‌బోర్న్ దశ తిరిగింది. లోకమంతటి నుండి జనం వచ్చిపడ్డారు. 1860 ఆగస్టు 20న నగరంలోని రాయల్ పార్క్ నుండి ఒక పెద్ద అన్వేషక బృందం ఖండం ఉత్తర తీరాన్ని చేరాలని బయలుదేరింది. బర్క్, విల్స్ అనే నాయకుల పేర్లు ఆ దేశపు పిల్లలందరూ చదువుకుంటారు. ఎడారి దాటడానికి ఆ బృందం కోసం కరాచీ నుండి రెండు డజన్ల ఒంటెలను ఓడలో తెప్పించారు. ఒంటెలతోపాటు వాటిని నడిపేవారూ వచ్చారు. వారిలో దోస్త్ ముహమ్మద్ వంటి ముస్లిములు ఉన్నారు. తరువాతి దశాబ్దాల్లో అఫ్ఘానిస్తాన్ నుండి, నాటి భారతదేశపు వాయవ్య ప్రాంతాల నుండి ఎందరో ఒంటెల కాపరులు ఆస్ట్రేలియా వెళ్లారు. రైలు, రోడ్డు లేని ఎడారిలో ధాన్యం, ఉన్ని, టెలిగ్రాఫు సామగ్రి మోసింది వారి ఒంటెలే. ఎడారి ఊళ్లలో రేకులతో చిన్న చిన్న మసీదులు కట్టుకొని నమాజు చేసుకున్నదీ వారే.

అంటే ఆ దేశంలో మనవారు నిన్న మొన్న అడుగుపెట్టినవారు కారు. 2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ముస్లిములు ఎనిమిది లక్షలకు పైబడ్డారు. అది దేశ జనాభాలో 3.2 శాతం. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా వెలుపల పుట్టి స్థిరపడినవారిలో భారతదేశంలో పుట్టినవారే అందరికంటే ఎక్కువ. పడమటి శివార్లయిన టార్నీట్, పాయింట్ కుక్ వంటి చోట్ల తెలుగు మాట వినిపించడం ఈనాడు వింత కాదు.

ఖిబ్లా ఒకటే, వేళలే వేరు

ఖిబ్లా సంగతి ముందు చెప్పుకుందాం. హైదరాబాదులో మనం పడమరకు, కొద్దిగా ఉత్తరం వైపు వాలి నిలబడతాం. మెల్‌బోర్న్‌లోనూ దాదాపు అదే దిశ. భూమికి ఆ చివరన ఉన్న కొడుకు, ఈ చివరన ఉన్న తల్లి ఒకే వైపు ముఖం తిప్పుతారు.

కాని మిగిలినదంతా తారుమారు. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబరు మండు వేసవి, జూన్ చలికాలం. నెలవంక మనకు కుడివైపు కింద వెలిగితే, వారికి ఎడమవైపు కింద వెలుగుతుంది. డిసెంబరు చివరలో సూర్యుడు రాత్రి 8:40 దాటిన తరువాత అస్తమిస్తాడు, ఇషా వేళ పది దాటుతుంది. రమజాన్ ఆ నెలలో వస్తే ఉపవాసం పదహారు గంటలకు పైగా సాగుతుంది. జూన్‌లో వస్తే సుమారు పదకొండు గంటలే. మన దగ్గర ఏ ఋతువులోనైనా తేడా రెండు మూడు గంటలకు మించదు కనుక ఈ హెచ్చుతగ్గులు మనకు అనుభవంలో లేవు.

దీనికి తోడు అక్టోబరు మొదటి ఆదివారం నుండి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. ఇందువల్ల జొహర్ వేళ చలికాలంలో పగలు పన్నెండున్నర ప్రాంతాన ప్రవేశిస్తే, వేసవిలో ఒకటిన్నర ప్రాంతాన ప్రవేశిస్తుంది. పన్నెండు నుండి ఒంటిగంట వరకు భోజన విరామం ఉన్న ఉద్యోగికి ఆరు నెలలపాటు జుమా ఆ విరామంలో పడదు. అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే పైఅధికారితో మాట్లాడి, శుక్రవారం విరామాన్ని ఆలస్యంగా తీసుకొని, సాయంత్రం ఆ సమయాన్ని పూడ్చడానికి ఒప్పందం చేసుకోవాలి. ముందుగా అడిగితే చాలావరకు కాదనరు. అడగకుండా జారుకుంటే మాత్రం నమ్మకం పోతుంది, తరువాత వచ్చే ముస్లిం ఉద్యోగికి కూడా దారి మూసుకుపోతుంది.

ఇంటికి ఫోను చేసే వేళ కూడా ఇందుచేతనే ఏడాదికి రెండుసార్లు మారుతుంది. వారి గడియారం మనకంటే ఒక కాలంలో నాలుగున్నర గంటలు, మరొక కాలంలో ఐదున్నర గంటలు ముందుంటుంది. మనం అసర్ చదివి తీరికగా ఫోను చేస్తే, వేసవిలో అక్కడ పసిపిల్లలు నిద్రలో ఉంటారు. “మనవడితో మాట్లాడనివ్వడం లేదు” అని కోడలిని నిందించే ముందు గడియారం చూడాలి.

వీధి, పొరుగు

భారతదేశం నుండి చూడవచ్చిన తల్లిదండ్రులను మొదట కలవరపెట్టేది నిశ్శబ్దం. కూరగాయల బండి కేక లేదు, హారన్ మోత లేదు, అజాన్ లేదు. దుకాణాలు చాలావరకు సాయంత్రం ఐదారు గంటలకే మూసివేస్తారు. శివారు వీధుల్లో మనుషుల కంటే చెట్లే ఎక్కువగా కనిపిస్తాయి. వాతావరణం మరీ చపలం. ఉత్తరపు ఎడారి గాలి వీచిన రోజున ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. గాలి దక్షిణానికి తిరిగిందంటే గంటలోనే స్వెటరు వెతుక్కోవాలి. ఒక్కరోజులో నాలుగు ఋతువులు చూస్తామని నగరవాసులు తమలో తాము నవ్వుకుంటారు.

నిశ్శబ్దం ఉన్నంత మాత్రాన మమకారం లేదనుకోరాదు. బస్సు దిగేవారు వెనుక తలుపు నుండే డ్రైవరుకు బిగ్గరగా కృతజ్ఞత చెప్పి దిగుతారు. ట్రాములు ఈ నగరానికి ప్రాణం. సుమారు 250 కిలోమీటర్ల ఆ మార్గాలు ప్రపంచంలోనే అతి పెద్ద ట్రాము వ్యవస్థ. నగర కేంద్రంలో 2015 నుండి ట్రాము ప్రయాణం ఉచితం. ఇంట్లో అక్కరలేని బల్ల, కుర్చీ, పుస్తకాల అలమరను నిర్ణీత కాలంలో వీధి అంచున పెడతారు. మునిసిపాలిటీ బండి వచ్చేలోగా అవసరమైనవారు తీసుకుపోతుంటారు. కొత్తగా వచ్చిన విద్యార్థుల గదులు చాలావరకు అలాగే నిండుతాయి. చెత్తకు రంగురంగుల మూతలు గల వేర్వేరు డబ్బాలుంటాయి. వాటిని నియమిత దినాన రాత్రి బయట పెట్టాలి. ఊరు వెళ్లిన పక్కింటివారి డబ్బాను బయట పెట్టి, తిరిగి లోపల పెట్టడం అక్కడి పొరుగుధర్మాల్లో ఒకటి. ఇరుగుపొరుగు హక్కులను దైవప్రవక్త (స) ఎంతగా నొక్కి చెప్పారో మన పిల్లలకు చిన్ననాటి నుండి బోధిస్తాం. ఆ బోధనను అక్కడ అమలు చేయడానికి ఒక చెత్తడబ్బాతో మొదలుపెట్టినా చాలు.

అక్కడి విందు పిలుపుల్లో “ఒక పళ్లెం తీసుకురండి” అనే మాట ఉంటుంది. కొత్తగా వెళ్లినవారు ఖాళీ పళ్లెం పట్టుకొని వెళ్లి నవ్వులపాలైన కథలు వలసవచ్చిన ప్రతి సమాజంలోనూ ఉన్నాయి. అందరూ పంచుకొని తినడానికి ఒక వంటకం తెమ్మని దాని భావం. మన ఆడవాళ్లకు ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? సమోసా, దాల్చా, ఖుబానీ మీఠా వెళ్లిన చోట పరిచయానికి వేరే భాష అక్కరలేదు. పైగా మనం తినగలిగిన వంటకం ఒకటైనా ఆ బల్ల మీద ఉంటుంది.

హలాల్ భోజనం

హలాల్ గురించి పాతికేళ్ల కిందటి భయాలు ఇప్పుడు అనవసరం. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇటలీ, గ్రీసు వలసదారులు నగరానికి కాఫీని నేర్పారు. ఆపైన వచ్చిన తుర్కులు, లెబనాన్‌వారు రొట్టెను, కబాబును నేర్పారు. బ్రన్స్‌విక్, కోబర్గ్ పేటల గుండా సాగే సిడ్నీ రోడ్డులో రొట్టెల అంగళ్లు, హలాల్ మాంసం దుకాణాలు, హిజాబు బట్టల కొట్లు ఉన్నాయి. తూర్పున డాండెనాంగ్‌లో థామస్ వీధిని అఫ్ఘాన్ బజారు అంటారు. నూట యాభైకి పైగా దేశాల్లో పుట్టినవారు ఆ ఒక్క పురపాలిక పరిధిలో నివసిస్తున్నారు. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద కబాబు మాంసం, పులుసులు పోసి డబ్బాలో ఇచ్చే వంటకానికి “హలాల్ స్నాక్ ప్యాక్” అని పేరు. 2016లో మెక్వారీ నిఘంటువు ఏటి మాటకు ప్రజల ఓటు కోరితే, గెలిచింది ఆ పేరే. హలాల్ అనే మాట ఒక దేశపు నిత్యవ్యవహారంలోకి ఇలా వంటింటి దారిన ప్రవేశించింది.

అయినా జాగ్రత్త అవసరమే. బిస్కెట్టు, జున్ను, మిఠాయిల పొట్లాల మీద రాసిన పదార్థాల జాబితా చదివే అలవాటు పిల్లలకు నేర్పాలి. పార్కుల్లో ప్రజల కోసం ఉచితంగా పెట్టిన విద్యుత్ పొయ్యిలుంటాయి. వాటి మీద అందరూ అన్ని రకాల మాంసమూ కాలుస్తారు కనుక మనవారు అల్యూమినియం కాగితం పరచి వండుకుంటారు. బక్రీదు కుర్బానీని ఇంటి వాకిట చేయడానికి వీలులేదు. ముందుగా మాంసం దుకాణంలో పేరు నమోదు చేయిస్తే, అనుమతి గల కబేళాలో జిబహ్ చేయించి అందిస్తారు. పిల్లలు కుర్బానీని కళ్లారా చూడరు గనుక, దాని అర్థాన్ని ఇంట్లో కూర్చోబెట్టి చెప్పడం తల్లిదండ్రుల బాధ్యత అవుతుంది.

ఆట, పందెం

మెల్‌బోర్న్ మతమేదని అడిగితే ఫుట్‌బాల్ అని చమత్కరించేవారున్నారు. 1859లో తమ ఊరికే ప్రత్యేకంగా నియమాలు రాసుకొని ఆడడం మొదలుపెట్టిన ఆట అది. కోడిగుడ్డు ఆకారపు బంతితో, లక్షమంది పట్టే ఎం.సి.జి. మైదానంలో సెప్టెంబరు చివర దాని తుదిపోరు జరుగుతుంది. ఆ ముందురోజు శుక్రవారం రాష్ట్రమంతటికీ సెలవు. ఈ ఆటలో బాషర్ హౌలీ అనే లెబనాన్ సంతతి ముస్లిం యువకుడు నమాజును, ఉపవాసాన్ని దాచుకోకుండా ఆడి, రిచ్‌మండ్ జట్టుతో 2017, 2019 సంవత్సరాల్లో విజేతగా నిలిచాడు.

క్రికెట్ మనకు తెలిసిన ఆటే. 2022 జనవరిలో యాషెస్ గెలిచిన ఆస్ట్రేలియా జట్టు వేదిక మీద మద్యం చిమ్ముతుంటే, ఉస్మాన్ ఖ్వాజా పక్కకు తప్పుకున్నాడు. కెప్టెన్ పాట్ కమిన్స్ అది గమనించి, సీసాలు కింద పెట్టించి, అతన్ని మధ్యలోకి పిలిచాడు. ఖ్వాజా ఎవరినీ ఏమీ అనలేదు, గొడవ పడలేదు. తాను మాత్రం తప్పుకున్నాడు. ధర్మం మీద మర్యాదగా నిలబడినవాడికి గౌరవం దక్కుతుందనడానికి ఇది ఉదాహరణ.

ఈ ఉదాహరణ కార్యాలయంలో పనికొస్తుంది. నవంబరు మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ అనే గుర్రపు పందెం జరుగుతుంది. 1861లో మొదలైన ఆ పందేనికి నగరమంతా సెలవు. కార్యాలయాల్లో తలా కొంత వేసుకొని గుర్రాల పేర్లతో చీటీలు తీస్తారు. అది సరదాయేనని చేతికి చీటీ అందిస్తారు. మొత్తం ఎంత చిన్నదైనా జూదం జూదమే. నవ్వుతూ వద్దనవచ్చు. శుక్రవారం సాయంత్రపు మద్యం బల్ల దగ్గరకు వెళ్లకపోయినంత మాత్రాన సహోద్యోగులకు దూరం కానక్కరలేదు. మరో రోజు మధ్యాహ్న భోజనానికి వారినే పిలవవచ్చు. కాదన్న చోట బదులుగా ఏదో ఒకటి అందించేవాడిని ఎవరూ ముభావి అనుకోరు.

ఫీజు, పని, ఇల్లు

ఇంతవరకు చెప్పినవి పెద్ద చిక్కులు కావు. అసలు చిక్కు సంపాదనలో ఉంది. విద్యార్థిగా వెళ్లినవాడు చదువు సాగే కాలంలో పక్షానికి 48 గంటలు మాత్రమే పనిచేయడానికి 2023 జులై నుండి అనుమతి ఉంది. ఇక్కడ తండ్రి పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టి ఉంటాడు. అక్కడ గది అద్దె వారం వారం కట్టాలి. దొరికిన పని మద్యం దుకాణంలోనో, జూదపు యంత్రాలున్న క్లబ్బులోనో అయితే ఆ యువకుడు ఏం చేయాలి? అది హరామని అతనికి తెలుసు. కాని ఇంటి నుండి వచ్చే ప్రతి ఫోనులో “ఈ నెల ఎంత పంపుతున్నావు?” అనే ప్రశ్నే ఉంటే, అతన్ని ఆ పనిలోకి నెట్టినవారిలో మనకూ వాటా ఉంటుంది. గిడ్డంగి పని, శుభ్రపరిచే పని, వృద్ధుల సేవ, కూరగాయల సంత పని ఉన్నాయి. వేతనం తగ్గవచ్చు, దొరకడం ఆలస్యం కావచ్చు. ఆ ఆలస్యాన్ని భరించే ధైర్యం ముందు ఇంటివారికి ఉండాలి. పంపే ముందే ఆరు నెలల ఖర్చు చేతికిచ్చి పంపగలమా అని లెక్క చూసుకోవాలి. లేకుంటే మరో ఏడాది ఆగడంలో అవమానమేమీ లేదు.

ఇల్లు కొనే వేళ వడ్డీ ప్రశ్న వస్తుంది. 1989లోనే మెల్‌బోర్న్ ముస్లిములు ఎం.సి.సి.ఎ. పేరుతో ఒక సహకార సంఘం ఏర్పరచుకొని, వడ్డీ రహితంగా ఇళ్లు కొనే ఏర్పాటుకు పూనుకున్నారు. ఆపైన ఇంకా కొన్ని సంస్థలు వచ్చాయి. వాటి ఒప్పందపత్రాలను సంతకానికి ముందు తెలిసిన ఆలిముకు చూపించాలి. పేరులో ఇస్లాం ఉన్నంత మాత్రాన పత్రంలో కూడా ఉంటుందని అనుకోరాదు.

పిల్లలు, భాష, మసీదు

బడిలో పిల్లలకు వేసవిలో టోపీ లేనిదే ఆట లేదు. ఎండ అంత తీవ్రం గనుక తల కప్పుకోవడం అక్కడ నియమం. తల కప్పుకున్న మన ఆడపిల్ల ఆట మైదానంలో ఒంటరిగా కనిపించదు. ఈత చిన్న తరగతుల్లోనే నేర్పుతారు. నిండుగా ఒళ్లు కప్పే ఈత దుస్తును 2004లో రూపొందించింది కూడా సిడ్నీ నగరపు ముస్లిం మహిళ అహెదా జనెట్టియే.

పెద్దలను పేరు పెట్టి పిలవడం అక్కడి అలవాటు. విశ్వవిద్యాలయంలో ఆచార్యుణ్ణి సైతం పేరుతోనే పిలుస్తారు. అది వారి దృష్టిలో అమర్యాద కాదు, చనువు. మన పిల్లవాడు బయట వారి పద్ధతిని పాటించవచ్చు. ఇంట్లో మాత్రం ఖాలా, చాచా, నానమ్మ అనే పిలుపులు నిలవాలి. ఆ పిలుపుల్లోనే బంధుత్వపు హక్కులు ఉన్నాయి. శనివారాల్లో ఇతర భాషలు నేర్పే ప్రభుత్వ పాఠశాల విధానం ఆ రాష్ట్రంలో 1935 నుండే ఉంది. ప్రభుత్వమే వలసవారి భాషలను ఆదరిస్తుంటే, మనం ఇంట్లో తెలుగునూ ఉర్దూనూ వదులుకోవడం విచారకరం. భాష పోయిన మనవడికి నానమ్మ చేసే దుఆ కూడా అర్థం కాదు.

మసీదులు పలు ఉన్నాయి. అల్బేనియన్లు 1960లలో కార్ల్‌టన్ ప్రాంతంలో కట్టినది పాతవాటిలో ఒకటి. న్యూపోర్ట్‌లోని మసీదును గ్లెన్ మర్కట్ అనే ప్రఖ్యాత ఆస్ట్రేలియా వాస్తుశిల్పి, హకాన్ ఎలెవ్లితో కలిసి రూపొందించాడు. దానికి గుమ్మటం లేదు, ఎత్తయిన మీనారు లేదు. పైకప్పు మీది రంగుల గాజుల నుండి వెలుగు లోపలికి జారుతుంది. ముందు గోడ గాజుది, వీధిన పోయేవారికి లోపల ఏం జరుగుతుందో కనిపిస్తుంది. దాచడానికి ఏమీ లేదని చెప్పే కట్టడమది. ఏటా ఒకరోజు రాష్ట్రంలోని పలు మసీదులు ఇతర మతస్థులకు తలుపులు తెరిచి ఆహ్వానిస్తాయి.

అంతా సుఖమేనని చెప్పడం మా ఉద్దేశం కాదు. 2009లో ఆ నగరంలో భారతీయ విద్యార్థులపై దాడులు జరిగాయి. విద్యార్థులు నడివీధిలో కూర్చొని నిరసన తెలిపారు. హిజాబు చూసి రైలులో దుర్భాషలాడేవారు నేటికీ ఉన్నారు. జాతి, మత ద్వేషాన్ని రెచ్చగొట్టడాన్ని నిషేధిస్తూ ఆ రాష్ట్రం 2001లో చట్టం చేసింది. ఫిర్యాదు చేయడానికి మన ఆడపిల్లలు జంకకూడదు. సహించడం వేరు, హక్కును వదులుకోవడం వేరు.

మొత్తం మీద మాకు తోచినది ఇది. ఆ నగరం ధర్మాచరణకు పెద్దగా అడ్డుపడదు. కాని దాన్ని గుర్తు చేయదు కూడా. మన ఊళ్లలో అజాన్, వీధిన వెళ్లే జనాజా, సహరీకి తలుపు తట్టే చేయి, పక్కింటి పెద్దావిడ మందలింపు మనకు తెలియకుండానే మన దీన్‌ను కాపాడుతుంటాయి. అక్కడ ఆ పని అంతా ఇంటి నాలుగు గోడలే చేయాలి. రోజుకు ఒక్క నమాజైనా ఇంటిల్లిపాదీ జమాఅత్‌గా చేయడం, శుక్రవారం తండ్రి కొడుకును వెంటబెట్టుకొని మసీదుకు వెళ్లడం, వారానికొకసారి మరో ముస్లిం కుటుంబంతో కలిసి భోంచేయడం. ఈ మూడూ కుదిరిన ఇంట్లో పిల్లలకు దీన్ అలవాటుగా నిలుస్తుంది.

ఇక్కడున్న మనం చేయవలసినదీ ఉంది. ఈ వారం ఫోను చేసినప్పుడు జీతం సంగతి చివరకు ఉంచండి. ఫజర్ ఎన్నింటికి అవుతోందో, పక్కింట్లో ఎవరుంటారో, చేస్తున్న పని ఏమిటో ముందుగా అడగండి. అడిగేవారున్నారని తెలిసిన బిడ్డ ఎంత దూరాన ఉన్నా జాగ్రత్తగా నడుచుకుంటాడు.